ఆలాపన దగ్గరే గరగర ఎందుకు?

పద్యనాటకం చూసినవాళ్లకు తెలుసు, పద్యం అసలు రుచి చివర్లో ఉంటుంది. నాలుగు పాదాలూ నడిచాక నటుడు ఆఖరి మాటను పట్టుకుని రాగం అందుకుంటాడు. హార్మోనియం వెంటపడుతుంది. జనంలోంచి ‘ఒన్స్‌మోర్’ లేస్తుంది. ఆ రాగం గ్రామఫోను ప్లేటు మీద ఎక్కడ పడుతుంది? నడుమ ఉన్న లేబుల్ పక్కన, గాడి ముగిసే చోట. పది అంగుళాల 78 ఆర్‌పీఎం ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. అందులోనే పద్యం చదవాలి, మిగిలిన కాస్త వ్యవధిలో రాగం తీసి ముగించాలి. ప్లేటు మొత్తం మీద సూదికి కష్టమైన చోటు కూడా అదే. మన గాయకులు ఎక్కడ గొంతెత్తారో సరిగ్గా అక్కడే గరగర మొదలవుతుంది. వినేవాళ్లు ‘ప్లేటు పోయింది’ అనేసి పక్కన పెడతారు.

చాలాసార్లు పోయింది ప్లేటు కాదు. దాని మీద తిరిగే ముల్లు ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చుంది, అంతే.

ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపున్న మన రేనాటి పల్లెలకు పద్యమన్నా కథాగానమన్నా ప్రాణం. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ బడిపుస్తకాలకు ఎక్కక ముందు, సినిమాగా రాక ముందు, ఈ ప్రాంతపు జనం నోట పాటగా బతికింది. కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి కథా అంతే. చెవితో చరిత్రను దాచుకున్న నేల ఇది. అలాంటిచోట గ్రామఫోను వచ్చినప్పుడు జనం దాన్ని వింతవస్తువుగా చూసి వదిలేయలేదు, ఇంట్లో మనిషిని చేసుకున్నారు. ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు పాత ఇళ్లలో రేకుపెట్టె తెరిస్తే ఇప్పటికీ హరిశ్చంద్ర పద్యాలు, ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’, 1963 నాటి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం, ఘంటసాల కన్నుమూశాక 1974లో వచ్చిన భగవద్గీత, ‘దానవీరశూరకర్ణ’ మాటల రికార్డులు, లెక్కలేనన్ని సినిమా ఈపీలు బయటపడతాయి. పెళ్లిళ్లలోనూ తిరునాళ్లలోనూ మైకుసెట్ల మీద మోగి మోగి వచ్చినవి కొన్ని.

ఆళ్లగడ్డలో ఒకప్పుడు మైకుసెట్టు నడిపిన పెద్దాయన దగ్గర అలాంటి పెట్టె ఒకటి ఉంది. ఆయన మాట చాలా ఇళ్లలో వినపడే మాటే.

“ప్లేట్లు అరిగిపోయినాయబ్బీ. మొదట్లో బాగనే పాడుతాయి, కడాకు వచ్చేతలికి గరగర.”

“ముల్లు ఎప్పుడు మార్చినారు పెద్దాయనా?”

“ముల్లుకేమైంది? కింద పెడితే పాడుతాంది కదా!”

ముల్లు పాడుతున్నంత కాలం బాగున్నట్టే అన్న నమ్మకమే అసలు సమస్య. అరిగిన ముల్లూ పాడుతుంది, వంకరగా బిగించిన ముల్లూ పాడుతుంది. పాడుతూనే గాడి గోడను చెక్కేస్తుంది. ఆయన మాటలోనే జవాబూ ఉంది. మొదట్లో బాగుండి చివర్లో మాత్రమే గరగరలాడే ప్లేటు అరిగిపోయిందని ఒట్టేసి చెప్పలేం. అరుగుదలయితే సాధారణంగా మొదటి నుంచీ తెలుస్తుంది. చివర మాత్రమే వస్తున్నదంటే ముందు అనుమానించాల్సింది ముల్లు కూర్చున్న తీరును.

గీతకూ వంపుకూ మధ్య

ప్లేటు తయారుచేసేటప్పుడు గాడి కోసే ఉలి ప్లేటు అంచు నుంచి నడుమకు తిన్నని గీత మీద నడుస్తుంది. మన ఇంట్లో యంత్రం చేయి అలా నడవదు. దాని ఒక కొన బిగించి ఉంటుంది కాబట్టి బందు మీద తలుపు తిరిగినట్టు వంపుగా తిరుగుతుంది. తిన్నగా కోసిన గాడిని వంపుగా తిరిగే చేయి చదవాలి. అందుకే గాడి నడిచే దిక్కుకూ ముల్లు చూసే దిక్కుకూ ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. చేతి కొనను కాస్త వంచి, ముల్లు ప్లేటు నడిబొడ్డును దాటి కొన్ని మిల్లీమీటర్లు అవతలికి చేరేలా బిగిస్తే ఆ తేడా బాగా తగ్గుతుంది. పూర్తిగా పోయేది మాత్రం ప్లేటు మీద రెండే రెండు వలయాల దగ్గర. మిగతా చోట్ల డిగ్రీయో, ఇంకాస్త ఎక్కువో మిగిలిపోతుంది.

ఈ తేడా గురించి ఇంగ్లండులో పెర్సీ విల్సన్ 1924లోనే రాశాడు. 1938లో స్వీడన్‌కు చెందిన ఎరిక్ లోఫ్‌గ్రెన్ అసలు కీలకం పట్టుకున్నాడు. చెవికి వినపడే దోషం కోణంలో తేడా ఒక్కదాన్నే బట్టి ఉండదు, ఆ తేడాను వలయపు వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. అంటే ఒకే తప్పు బయటి అంచు దగ్గర కన్నా లేబుల్ దగ్గర రెండింతలకు పైగా బాధపెడుతుంది. 1941లో బేర్వాల్డ్, 1966లో స్టీవెన్‌సన్ ఇదే లెక్కను ఎవరి దారిలో వాళ్లు మళ్లీ చేశారు. ఈ రోజు చాలా యంత్రాలకు ముల్లు బిగించేటప్పుడు లోఫ్‌గ్రెన్, బేర్వాల్డ్, స్టీవెన్‌సన్‌లలో ఒకరి లెక్కనే అనుసరిస్తున్నాం.

లేబుల్ దగ్గర ఎందుకంత కష్టం? ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, ఆ వేగం మారదు. కానీ బయటి గాడి వ్యాసార్థం సుమారు 146 మిల్లీమీటర్లు, చివరి గాడిది 60. కాబట్టి బయట సెకనుకు అర మీటరు గాడి ముల్లు కిందుగా పోతుంది, చివర్లో 21 సెంటీమీటర్లే. పది వేల హెర్ట్జ్ ధ్వని అల ఒకటి బయట 51 మైక్రాన్ల పొడవున పరుచుకుంటే, లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కుంటుంది. మామూలు గుండ్రటి ముల్లు కొన వ్యాసార్థమే 18 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇరుకు సందులో మూల తిరగలేక అది గోడలను రాసుకుంటుంది. మొదట చెడేవి శ, ష, స. భగవద్గీతలో శ్లోకం ఎంత గంభీరంగా వస్తున్నా ‘స’కారం దగ్గర ‘ఛ్ఛ్’ అని చిట్లితే, ఆ లోపం ఘంటసాల గొంతుది కాదు, ప్లేటుదీ కాకపోవచ్చు.

ఒక లెక్క చేసి చూద్దాం. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 యంత్రంలో చేయి తిరిగే ఇరుసు నుంచి ప్లేటు నడిబొడ్డుకు 215 మిల్లీమీటర్లు, ఇరుసు నుంచి ముల్లుకు 230. ముల్లు ఒక్క మిల్లీమీటరు ముందుకు జరిగితే బయటి గాడుల దగ్గర కోణం అర డిగ్రీ కూడా తప్పదు. చివరి గాడి దగ్గర మాత్రం దాదాపు డిగ్రీ తప్పుతుంది. లోఫ్‌గ్రెన్ చెప్పినట్టు ఆ డిగ్రీని చిన్న వ్యాసార్థంతో భాగించాలి. పెద్దాయన ప్లేటు మొదట్లో బాగుండి కడాన గరగరలాడటం వెనక ఉన్నది ఈ రెండు అంకెలే.

మన పెట్టెలో ఉన్నదాన్ని బట్టి

బేర్వాల్డ్ లెక్కలో దోషం సున్నా అయ్యే రెండు వలయాలు 66 మిల్లీమీటర్ల దగ్గరా 121 దగ్గరా వస్తాయి. స్టీవెన్‌సన్ లోపలి సున్నాను 60 దగ్గరకు, అంటే ఎల్పీ చివరి గాడి మీదికే తెచ్చాడు. అందుకు మూల్యంగా ప్లేటు మధ్యభాగంలో దోషం కాస్త పెరుగుతుంది. ప్రపంచమంతా ఎక్కువ మంది బేర్వాల్డ్ వైపే మొగ్గుతారు. సుప్రభాతం ఎల్పీ లాగా ఒక వైపంతా ఒకే నడకన సాగే రికార్డుకు అదే మేలు. పెట్టెలో ఎక్కువ భాగం ఈపీలూ పద్యాల ప్లేట్లూ ఉన్నవాళ్లకు మాత్రం నా సలహా స్టీవెన్‌సన్. ఏడంగుళాల ఈపీ బయటి గాడి వ్యాసార్థమే 84 మిల్లీమీటర్లు, లోపల 54 దాకా పోతుంది. పద్యమైతే ఆలాపన చివర్లోనే. మనకు విలువైనది లేబుల్ పక్కన ఉన్నప్పుడు లెక్క కూడా అక్కడే సరిపోవాలి.

బిగించే పద్ధతికి ఖరీదైన సామాను అక్కర్లేదు, నంద్యాలలో దొరికేవే చాలు. యంత్రం పెట్టే చోటు ముందు కదలకుండా ఉండాలి. మన వైపు నాపరాయికి కొదవ లేదు. గోడలో దిగేసిన మందపాటి నాపబండ అరను మించిన పీట యంత్రానికి లేదు. యంత్రాన్ని దాని మీద పెట్టి మేస్త్రీ రసమట్టం ప్లేటు పళ్లెం మీద రెండు దిక్కులా వేసి చూడాలి. మట్టం సరిగా లేకపోతే చేయి ఒక పక్కకు జారుతూనే ఉంటుంది, తర్వాత చేసే పనంతా వృథా.

కోణమానిని, అంటే ప్రొట్రాక్టర్ కాగితాన్ని జిరాక్స్ షాపులో అచ్చు తీయించుకోవచ్చు. షాపువాళ్లు కాగితానికి సరిపోవాలని బొమ్మను నాలుగైదు శాతం కుదించేస్తారు, ఆ కాగితంతో చేసిన పని మొత్తం తప్పే. కాగితం మీద ఉన్న వంద మిల్లీమీటర్ల గీతను స్టీలు స్కేలుతో కొలిచి, సరిగ్గా వంద ఉంటేనే ఇంటికి తెచ్చుకోవాలి. నడుమ బెజ్జం కూడా పళ్లెం నడుమ ఇరుసుకు బిర్రుగా దిగాలి, వదులుగా ఉంటే అక్కడే అర మిల్లీమీటరు పోతుంది. వీలైతే అద్దం మీద గీతలు చెక్కిన ప్రొట్రాక్టర్ కొనడం మంచిది. ముల్లునూ దాని నీడనూ ఒకే వరుసలో చూడొచ్చు.

ముల్లు అమరి ఉండే కార్ట్రిడ్జిని చేతి కొనకు పట్టి ఉంచేవి రెండు చిన్న మరలు, వాటి మధ్య దూరం అర అంగుళం. మరలను పూర్తిగా బిగించకుండా, వేలితో నెడితే జరిగేంత వదులుగా ఉంచాలి. వెనక నాలుగు సన్నటి తీగలుంటాయి. తెలుపు ఎడమ చానెల్, నీలం దాని గ్రౌండు. ఎరుపు కుడి, ఆకుపచ్చ దాని గ్రౌండు. వీటిని చేత్తో లాగితే తెగుతాయి, సన్నముక్కు పట్టకారుతో చివరి తొడుగునే పట్టుకోవాలి. ఇప్పుడు ముల్లును, కాగితం మీద ఆ రెండు సున్నా వలయాలను చూపే చుక్కల్లో మొదటిదాని మీద దించి, కంసాలి వాడే భూతద్దంతో ఎదురుగా చూడాలి. ఇక్కడే చాలామంది కార్ట్రిడ్జి పెట్టె అంచును గీతకు సరిచూస్తారు. పెట్టె తిన్నగా ఉండి లోపల ముల్లు మోసే సన్నటి కడ్డీ వంకరగా ఉండటం కొత్త సరుకులో కూడా మామూలే. గాడిని చదివేది కడ్డీ కొనన ఉన్న ముల్లు. కాబట్టి గీతకు సమాంతరంగా ఉండాల్సింది కడ్డీ. కంటికి ఆనకపోతే 0.5 మిల్లీమీటర్ల పెన్సిల్ లెడ్డు ముక్కను కాగితం మీద కడ్డీ దిక్కునే పరిచి చూస్తే తేడా పట్టేయవచ్చు.

మొదటి చుక్క దగ్గర కుదిరింది రెండో చుక్క దగ్గర కుదరదు. కార్ట్రిడ్జిని వెంట్రుకవాసి ముందుకు జరపాలి, కొంచెం తిప్పాలి, మళ్లీ మొదటి చుక్కకు రావాలి. రెండు చోట్లా కడ్డీ గీత మీద పడేదాకా ఇదే పని. మరలు బిగించేటప్పుడు అది మళ్లీ జరుగుతుంది కనుక రెండింటినీ చెరో పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. సాయంత్రం మొత్తం పడుతుంది. తొందర ఉన్న రోజు ఈ పని పెట్టుకోకూడదు.

తర్వాత బరువు. ముల్లు గాడి మీద ఎంత బరువు మోపాలో దాన్ని చేసిన కంపెనీ చెబుతుంది. ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫాన్ టూఎం రెడ్‌కు 1.8, డెనాన్ డీఎల్-103కి 2.5. గ్రాములో వందో వంతు చూపే నగల తక్కెడ దీనికి బాగా పనికొస్తుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. తక్కెడ పళ్లెం ప్లేటు ఉన్న ఎత్తులోనే ఉండాలి. దాని మీద ఇనుప రేకు ఉండకూడదు, కార్ట్రిడ్జిలోని అయస్కాంతం లాగేసి తప్పు అంకె చూపిస్తుంది. ‘బరువు తగ్గిస్తే ప్లేటు అరగదు’ అన్నది మన దగ్గర బాగా పాతుకుపోయిన అపోహ. తేలికైన ముల్లు పెద్ద స్వరం వచ్చినప్పుడు గాడిలో నిలవలేక ఎగిరిపడి గోడను కొడుతుంది. ఆ దెబ్బ అరుగుదల కన్నా చేటు. కంపెనీ 1.8 నుంచి 2.2 అంటే కింది అంకెకు పోకండి, మధ్యలో ఉండండి.

మిగిలినవి తొందరగా అయిపోతాయి. ముల్లు దించాక చేయి ప్లేటుకు సమాంతరంగా ఉండాలి. ఎదుటి నుంచి చూస్తే ముల్లు నిట్టనిలువుగా ఉండాలి, ఒక పక్కకు ఒరిగితే ఎడమ గొంతు కుడిలోకి కలుస్తుంది. వంచిన చేతి వల్ల ముల్లు ఎప్పుడూ నడుమకు లాగబడుతుంటుంది కాబట్టి, ఆ లాగుడుకు ఎదురు పట్టే యాంటీస్కేటింగ్ చక్రాన్ని ముల్లు బరువు అంకె దగ్గరే పెట్టి వదిలేయవచ్చు. దాన్ని ఇంకా సూక్ష్మంగా సవరించడానికి రోజులు ఖర్చుపెట్టేవాళ్లున్నారు. కోణమూ బరువూ ఇచ్చే ఫలితంతో పోలిస్తే దానివల్ల వచ్చేది కొంచెమే.

పెద్దాయన పెట్టెలోని భగవద్గీత ఎల్పీని ఇలా సరిచేసిన యంత్రం మీద వేస్తే, రెండో వైపు చివరి శ్లోకాలు మొదటివాటంత శుభ్రంగా వచ్చాయి. ఆయన ఏమీ మాట్లాడకుండా ముల్లును వెనక్కి పెట్టి మళ్లీ విన్నారు. ఆ పెట్టెలో నిజంగా అరిగిన ప్లేట్లూ ఉన్నాయి. మైకుసెట్టు మీద వందల సార్లు మోగిన సినిమా ఈపీ ఒకటి ఏ లెక్కకూ లొంగలేదు. పోయిన గోడను కోణం తిరిగి తేలేదు. అయినా అలాంటి ప్లేటునూ ఒకసారి దీర్ఘవృత్తాకారపు ముల్లుతో విని చూడటం మంచిది. అది గాడి గోడను పాత గుండు ముల్లు తాకిన ఎత్తులో కాక ఇంకోచోట తాకుతుంది, అక్కడ గాడి చెక్కుచెదరకుండా ఉండవచ్చు.

లక్క ప్లేటుకు వేరే ముల్లు

78 ప్లేట్లది మరో లోకం. అవి లక్కతో, రాతిపొడి కలిపి చేసినవి. ఆ పొడి ఉక్కు సూదిని గాడి ఆకారానికి అరగదీస్తుంది. అందుకే ఒక్కో వైపుకు ఒక్కో సూది మార్చాలని ఆనాడు నియమం, రెండు వందల సూదులున్న చిన్న రేకు డబ్బాలు అమ్మింది అందుకే. పొదుపని ఒకే సూదితో పది పాటలు వేసిన ఇళ్లలో ప్లేట్లు బూడిదరంగుకు తిరిగి ఉంటాయి. ఎల్పీ ముల్లుతో 78 వేయడం కూడా తప్పే. 18 మైక్రాన్ల ముల్లు 78 గాడి అడుగున దుమ్ములో పొర్లుతుంది, దీనికి 65 నుంచి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. హెచ్ఎంవీ ఫియెస్టా లాంటి పాత యంత్రాల్లో ముల్లు పక్కన ఉండే చిన్న మీట 78కీ ఎల్పీకీ మధ్య తిప్పడానికే. దాన్ని తిప్పకుండా ఎల్పీ మీద 78 ముల్లు వేస్తే ఆ ఎల్పీ ఒక్క సాయంత్రంలో పాడవుతుంది. వాటిలో కోణం సవరించే వీలు ఉండదు, ముల్లు మార్చడం ఒక్కటే మన చేతిలో పని.

శుభ్రం చేసే విషయంలో ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవకండి. స్పిరిటులో లక్క కరిగిపోతుంది, గాడితో సహా పాట పోతుంది. బ్యాటరీల షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటరు, అందులో గిన్నెల సబ్బు ఒక చుక్క, మెత్తటి నూలుగుడ్డ చాలు. లేబుల్ తడవకూడదు. కొబ్బరినూనె పూస్తే మెరుస్తుందని కొందరు పూస్తారు, ఆ జిడ్డుకు నల్లరేగడి దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది. మట్టిమిద్దెల్లో పైనుంచి రాలే చౌడుమన్నుకు ప్లేట్లను అట్ట కవరుతోపాటు లోపల మరో కవరులో ఉంచాలి. అటక మీద రేకుల కింద పడుకోబెడితే మన వేసవికి ఎల్పీ వంగిపోతుంది, నిలబెట్టి పేర్చండి.

వేగం కూడా ఒకసారి చూడండి. గుండ్రటి కాగితం మీద 180 గీతలున్న స్ట్రోబ్ బిళ్లను పళ్లెం మీద వేసి, పాత చోకు ట్యూబులైటు వెలుగులో 33⅓ వద్ద తిప్పితే గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. ముందుకు పాకితే వేగం ఎక్కువ, వెనక్కి పోతే తక్కువ. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఈ పరీక్ష కుదరదు.

ప్లేట్ల మీద ప్రపంచానికి మళ్లీ మోజు పుట్టింది. 2022లో అమెరికాలో సీడీలు 3.3 కోట్లు అమ్ముడైతే ఎల్పీలు 4.1 కోట్లు పోయాయి, 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మన పల్లెల్లో జరుగుతున్నది వేరు. పిల్లలు అమ్మానాన్నల పెట్టెలు తెరిచి పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, యూట్యూబులో పెడుతున్నారు. ఎంతో మంచి పని. కానీ వంకర ముల్లుతో తీసిన కాపీలోని గరగర ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. ఆ కాపీ ఊరంతా తిరిగి, అసలు ప్లేటు ఎవరో పాతసామాన్లకు వేసేస్తే, ఆ గాయకుడు ఇక ఎప్పటికీ అలాగే వినపడతాడు. పద్యనాటకపు పాత ప్లేట్లలో ఎన్నింటికి రెండో ప్రతి మిగిలి ఉందో లెక్కలేని స్థితిలో ఇది చిన్న నష్టం కాదు.

అందుకే కాపీ తీసేముందే ముల్లు సరిచేయండి. అరవైల నాటి మోనో ఈపీ అయితే రెండు చానెళ్లనూ కలిపి ఒకటి చేయండి, పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే చప్పుడు చాలావరకు రద్దవుతుంది. 78 ప్లేట్లలో చాలావాటిని 1954లో వచ్చిన ఆర్‌ఐఏఏ ప్రమాణానికి ముందే కోశారు. ఎల్పీ కోసం చేసిన ఆంప్లిఫయర్‌తో వింటే గొంతు మూసుకుపోయినట్టుంటుంది, పై స్వరాలను కంప్యూటర్‌లో తర్వాత కొంచెం లేపుకోవాలి. గరగర తొలగించిన ప్రతి వినడానికి ఉంచుకోండి, ఏ మార్పూ చేయని ప్రతిని మాత్రం విడిగా దాచండి. దాని పేరులోనే లేబుల్ మీది నంబరునూ, చివరి గాడి పక్కన చెక్కి ఉండే మేట్రిక్స్ నంబరునూ, ఏ సైజు ముల్లుతో తీశారో కూడా రాసిపెట్టండి.